మధ్యలో ఊరుకునే ఇంజన్

పిల్లలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు, నేను చేసిన చిన్న పెట్రోలు ఇంజన్ గురించి మీరడిగిన ప్రశ్నకు ఆ హడావిడిలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, ఇంజన్ ఒకసారి టప్పుమని మళ్లీ ఊరుకుంటోంది, చెడిపోయిందా?" అన్నారు. చెడిపోలేదు. అలా ఊరుకునేలా చేయడానికే ఏడాదిన్నర పెరటి షెడ్డులో కూర్చున్నాను.

పిస్టన్ అంటే సిలిండరు గొట్టంలో ముందుకూ వెనక్కీ ఆడే ముక్క. అది నాలుగుసార్లు కదిలితే అందులో ఒక్కసారే బలం పుడుతుంది. ముందుకు జరుగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పీల్చుకుంటుంది. వెనక్కి వస్తూ దాన్ని అదుముతుంది. నిప్పురవ్వ పడగానే ఆ మంట పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. మళ్లీ వెనక్కి వస్తూ పొగను బయటికి నెడుతుంది. జర్మనీలో నికొలాస్ ఒట్టో 1876లో ఇలా నడిచే ఇంజన్ చేసి చూపించాడు. తోపు ఒక్కటే అయినప్పుడు తక్కిన మూడు కదలికలూ ఎలా జరుగుతాయి? పక్కన తిరిగే ఆ రెండు బరువైన చక్రాలు ఆ తోపును దాచుకుని కొంచెం కొంచెంగా ఖర్చు పెడతాయి.

చక్రంలో స్ప్రింగులతో కట్టిన రెండు చిన్న ఇనుప ముక్కలు చూశారు కదా, అదే వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని ఒక కొక్కేన్ని కదుపుతాయి. ఆ కొక్కెం పొగ వెళ్లే వాల్వును, అంటే ఆ దారికున్న చిన్న తలుపును, తెరిచి పట్టుకుంటుంది. అది తెరిచి ఉన్నంతసేపూ పిస్టన్ ఆ దారినే గాలి ఆడిస్తుంది కాబట్టి పీల్పు బలం ఉండదు, పెట్రోలు వాల్వు తెరుచుకోదు. చుక్క ఖర్చు కాకుండా చక్రాలు వాటి ఊపుమీదే తిరుగుతాయి. వేగం తగ్గగానే కొక్కెం వదులుతుంది, మళ్లీ టప్పుమంటుంది. అమెరికాలో పల్లెలకు కరెంటు రాకముందు నీళ్లు తోడడానికీ గింజలు విసరడానికీ ఇలాంటివే వాడేవారు. నా చిన్నతనంలో మా బావి గట్టున ఉన్న ఆయిల్ ఇంజన్ వేరు. దాని గవర్నరు డీజిల్‌ను తగ్గించేదే కానీ ఇలా పూర్తిగా మానిపించేది కాదు.

ఇక తయారీ. అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది సిలిండరుకే. పోత ఇనుప ముక్కను లేత్ మీద, అంటే ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం మీద, బిగించి 25 మిల్లీమీటర్ల వెడల్పున బోరు కొట్టాను. చేతికి నున్నగా తగిలింది గానీ, భూతద్దంలో చూస్తే టూలు వదిలిన గీతలు స్క్రూ మరల్లా కనిపించాయి. వాటిని పోగొట్టడానికి ఇత్తడి కడ్డీకి నూనెలో కలిపిన సానపొడి పూసి, తిప్పుతూ, ముందుకూ వెనక్కీ ఆడిస్తూ రోజుల తరబడి అరగదీశాను. ఒక సాయంత్రం సిలిండరు కింది మూతిని అరచేత్తో మూసి, నూనె రాసిన పిస్టన్‌ను పై నుంచి వదిలాను. గాలి పక్కనుంచి పోకుండా పిస్టన్ చుట్టూ వేసే రింగులు ఇంకా వేయలేదు. అయినా అది పడిపోలేదు, చిక్కుకున్న గాలిమీద ఆనుకుని మెల్లగా దిగింది. చెయ్యి తీశాను, జారి కింద పరిచిన గుడ్డలో పడింది. ఆ రాత్రి అన్నం తింటున్నా నా అరచేతికి ఆ గాలి ఒత్తిడే గుర్తుకొచ్చింది.

అయినా మొదట మూడు రోజులు ఇంజన్ అందుకోలేదు. రవ్వ పడుతోంది, పెట్రోలు వస్తోంది, చక్రం తిప్పితే మాత్రం అదుముతున్నట్టు లేదు. వాల్వు మీద కిరోసిన్ పోసి చూస్తే అంచు వెంట చెమ్మ ఊరింది. సన్నటి పేస్టుతో ఆ వాల్వును దాని గూట్లోనే నూరాను. అంచు చుట్టూ తెగకుండా ఒకే మందాన బూడిదరంగు వలయం కనిపించేదాకా వదల్లేదు. మర్నాడు రెండో తిప్పుకే అందుకుంది.

నేను లేనప్పుడు మాత్రం దాని దగ్గరికి వెళ్లకండి. ఊరుకున్నట్టు కనిపించినా చక్రం చేతిని లాగేస్తుంది.

వేసవికి చిన్న నీళ్ల పంపు బిగిస్తాను. ఇప్పుడు రెండు టప్పుల మధ్య చక్రం ఎనిమిది, పది చుట్లు ఊరికే తిరుగుతోంది. పంపు బరువు పడ్డాక ఎన్ని తిరుగుతుందో మీరే లెక్కపెట్టాలి. పలక, సుద్దముక్క షెడ్డులో పెట్టి ఉంచుతాను.

మీ తాతయ్య