ముగెన్ క్యారెక్టర్ల తయారీ: అపోహలు – వాస్తవాలు

ఆదివారం సాయంత్రం అయ్యేసరికి విశాఖ మద్దిలపాలెంలో మా డాబా మీదకి నలుగురైదుగురు కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని వస్తారు. ఇద్దరు ఇంజినీరింగ్ చదువుతున్నారు. ఒకడు గాజువాక నుంచి బస్సెక్కి వచ్చే డిప్లొమా అబ్బాయి. ఇంకొకడు ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో పనిచేస్తాడు. వచ్చేది ముగెన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, కంప్యూటర్ ఫైటింగ్ గేముకి క్యారెక్టర్ తయారుచేయడం నేర్చుకోవడానికి. పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని ఇది. ఉద్యోగం వేరే ఉంది, కానీ రాత్రి భోజనాలయ్యాక నేను కూర్చునేది దీని ముందే.

మొన్న గాజువాక అబ్బాయి అడిగాడు: "అన్నా, బొమ్మలు దించుకొచ్చి ఫోల్డర్లో పడేస్తే అయిపోద్ది కదేటి?" కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఇలాంటివే అడుగుతాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే జవాబులు ఒకచోట పెడుతున్నాను.

అపోహ: ముగెన్ అంటే వందల మంది ఫైటర్లున్న గేమ్.

ముగెన్ గేమ్ కాదు, ఇంజిన్, అంటే గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్. 1999లో ఎలెక్‌బైట్ అనే బృందం దీన్ని ఉచితంగా విడుదల చేసింది. అప్పట్లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. జపనీస్‌లో ‘ముగెన్’ అంటే అనంతం. అక్షరాల మధ్య చుక్కలు పెట్టి రాస్తారు గానీ, ఆ పొడి అక్షరాల అసలు విస్తరణ ఏమిటో మర్చిపోయామని తయారుచేసినవాళ్లే చెప్పారు. ఇంజిన్‌తో పాటు వచ్చేది కుంగ్‌ఫూ మ్యాన్ అనే నమూనా క్యారెక్టర్. మిగతా వేలకు వేల క్యారెక్టర్లూ, స్టేజీలూ (పోరు జరిగే చోటు దృశ్యాలు), స్క్రీన్ ప్యాకులూ (మెనూల రూపం) ప్రపంచం నలుమూలలా అభిమానులు తయారుచేసినవే. ఇంజిన్ ఇచ్చేది ఖాళీ గోదా. మల్లుల్ని మనమే తెచ్చుకోవాలి.

అపోహ: బొమ్మలు బాగుంటే క్యారెక్టర్ అయిపోయినట్టే. కొట్టే దెబ్బలు గీస్తే చాలు.

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, అందుకని దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మామూలు ఫైటింగ్ గేమ్‌లో ఎవరు ఎవరితో తలపడతారో తయారుచేసే కంపెనీకి ముందే తెలుసు. ముగెన్‌లో తెలియదు. విశాఖలో నేను చేసిన క్యారెక్టర్‌ని రేపు బ్రెజిల్‌లో ఎవరో, జపాన్‌లో ఎవరో చేసిన క్యారెక్టర్ పట్టుకుని నేలకేసి కొడతాడు. వాళ్లు నన్ను చూడలేదు, నేను వాళ్లని చూడలేదు. ఇద్దరి బొమ్మలూ కలిసి సరిగ్గా కదలాలంటే మధ్యలో ఒక ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందం అంకెల్లో ఉంది, ఒక్కో కదలికకీ ఒక్కో అంకె. 0 అంటే నిలబడటం, 20 నడవడం, 40 ఎగరడానికి ఒళ్లు కూడదీసుకోవడం, 120 నుంచి కాచుకోవడం. 5000తో మొదలయ్యేవన్నీ దెబ్బ తినడం: తల వెనక్కి వాలడం, కడుపు పట్టుకుని వంగడం, గాల్లోకి లేవడం, వెల్లకిలా పడటం, లేవడం. ఈ అంకెలు అందరికీ ఒకటే.

పట్టుకుని విసిరే దెబ్బ పడినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అవతలి క్యారెక్టర్ మన క్యారెక్టర్‌ని తన స్టేట్‌లోకి (ఒక్కో కదలికకీ రాసిన కోడ్ ముక్కని స్టేట్ అంటారు) లాక్కుంటాడు. అప్పటినుంచి మనవాడిని నడిపించేది వాళ్ల కోడ్. కదలికల వరసా వాళ్లదే. బొమ్మలు మాత్రం మన ఫైల్‌లోంచే వస్తాయి. తలకిందులుగా ఉన్న బొమ్మ ఫలానా అంకెలో ఉంటుందని వాళ్లు నమ్ముకుని రాశారు. మనం ఆ బొమ్మ గీయకపోతే మన క్యారెక్టర్ విసురు మధ్యలో మాయమైపోతాడు.

నా మొదటి సొంత క్యారెక్టర్ కర్రసాము ఆడే మనిషి. కర్ర తిప్పుళ్లు మూడు నెలలు గీశాను. కర్రని శరీరంలో కలిపి గీస్తే ప్రతి ఫ్రేములోనూ కొలత తప్పకుండా చూసుకోవాలి. అందుకని దాన్ని విడి వస్తువుగా పెట్టి చేతికి అతికించాను. ఒక్కడినే ఆడించి చూసినంతకాలం బ్రహ్మాండంగా ఉంది. ఒక స్నేహితుడు తెచ్చిన మల్లుడితో ఆడించగానే బండారం బయటపడింది. మల్లుడు నా మనిషిని తలకిందులుగా ఎత్తాడు. కర్ర మాత్రం పక్కన గాల్లో నిటారుగా నిలబడే ఉంది. తిరిగి మొదలుపెట్టి, దెబ్బ తినే ఫ్రేములన్నిటిలోనూ కర్రని చేతుల్లోనే గీశాను. నాలుగు నెలలు పట్టింది. కర్ర పట్టుకున్నవాడు పడిపోతున్నప్పుడు ముందు ఏ చెయ్యి వదులుతుందో తెలుసుకోవడానికి విజయనగరం దగ్గర సాము నేర్పే పెద్దాయన్ని బతిమాలి, ఆయన శిష్యులు పడటం, లేవడం ఫోన్లో వీడియో తీసుకున్నాను. ఆయన నవ్వి అన్న మాట: "అందరూ కొట్టడం చూడ్డానికి వస్తారు బాబూ, పడ్డం చూడ్డానికి నువ్వే వచ్చావు."

అప్పటినుంచి మా డాబా మీద పద్ధతి మార్చాను. కొత్తవాళ్లు ముందు 5000తో మొదలయ్యే, దెబ్బ తినే బొమ్మలు పూర్తిచేయాలి, ఆ తర్వాతే గుద్దు.

ఇదే కోవలో ఇంకొకటి. ప్రతి బొమ్మకీ ఒక యాక్సిస్, అంటే బొమ్మని నిలబెట్టే ఆధార బిందువు ఉంటుంది. రెండు పాదాల మధ్య, నేల తగిలే చోట పెట్టుకోవాలి. ఒక్క ఫ్రేములో రెండు పిక్సెళ్లు తప్పినా నిలబడిన మనిషి ఒణుకుతున్నట్టు కనిపిస్తాడు. ఎంత మంచి డ్రాయింగైనా ఈ ఒణుకు ముందు నిలవదు.

అపోహ: కోడింగ్ రానివాళ్లకి ఇది కుదరదు.

కుదురుతుంది. కదలికలు రాసే సీఎన్ఎస్ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఇంజిన్ సెకనుకి 60 సార్లు ఆ స్టేట్‌లో రాసిన షరతుల్ని పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. షరతు నిజమైతే దాని కింద ఉన్న పని జరుగుతుంది, కాకపోతే ముందుకెళ్తుంది. "మూడో ఫ్రేము వచ్చినప్పుడు దెబ్బ", "యానిమేషన్ అయిపోగానే మళ్లీ నిలబడు" – సగం క్యారెక్టర్ ఈ రెండు వాక్యాలే. వంటింట్లో పాలు పొంగుతాయేమోనని చూస్తూ ఉండేవాళ్లకి ఈ తర్కం అర్థం కావడానికి ఐదు నిమిషాలు చాలు.

కష్టం కోడ్‌లో లేదు, లెక్క పట్టుకోవడంలో ఉంది. తేలిక గుద్దు బయటికి రావడానికి నాలుగు టిక్కులు (ఒక్కో టిక్కు సెకనులో అరవయ్యో వంతు) తీసుకుంటే అది సెకనులో పదిహేనో వంతు. దాన్ని ఏడు చేస్తే అదే బొమ్మ మందకొడిగా అనిపిస్తుంది. దెబ్బ తగిలాక ఇద్దరూ కొన్ని టిక్కులు అలాగే బిగుసుకుపోతారు, దాన్ని పాజ్‌టైమ్ అంటారు. దెబ్బ బరువు ఆటగాడికి తెలిసేది అక్కడే. బొమ్మల మీద మనం గీసే పెట్టెల్లో ఎరుపు పెట్టె కొట్టే చోటు, నీలం పెట్టె తగిలించుకునే చోటు. కర్రసాము మనిషికి కర్ర చివరిదాకా ఎరుపు పెట్టాను. నీలం కూడా కర్ర మొదట్లో కొంతవరకు సాగదీశాను, లేకపోతే దూరం నుంచి కొడుతూ ఎదుటివాడికి అందకుండా పోతాడు. బొమ్మ ప్రకారం చూస్తే కర్రకి తగిలిన దెబ్బ మనిషికి తగలకూడదు. కానీ ఆట ప్రకారం తగలాలి.

మొదటి వారంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది: దెబ్బ అయిపోయాక కంట్రోల్ ఆటగాడికి తిరిగివ్వడం మర్చిపోతారు. క్యారెక్టర్ గుద్దు గుద్ది శిలలా ఉండిపోతాడు. కంప్యూటర్ పాడైందని భయపడకండి, స్టేట్ చివర్లో కంట్రోల్ 1 అని రాయండి.

అపోహ: ఎంత బలమైన క్యారెక్టర్ అయితే అంత గొప్ప.

మామూలుగా ప్రాణం 1000, పెద్ద దెబ్బలకి కావాల్సిన శక్తి చూపే పవర్ బార్ 3000. రౌండ్ మొదలవగానే ఎదుటివాడి ప్రాణం సున్నా చేసే క్యారెక్టర్‌ని రాయడం చాలా తేలిక. జపాన్‌లో నికోనికో అనే వీడియో సైట్‌లో అలాంటివాటికి ప్రత్యేకంగా తరగతులే ఉన్నాయి. ఇంజిన్ లోతుపాతులు తెలిసినవాళ్లు ఒకరి కోడ్‌ని ఇంకొకరు పడగొట్టే పోటీ అది. ఆ విద్యని నేను గౌరవిస్తాను. 2013లో మొదలైన సాల్టీ బెట్ అనే వెబ్‌సైట్‌లో కంప్యూటర్ ఆడించే క్యారెక్టర్ల మీద ఉత్తుత్తి డబ్బు పందెం కాస్తూ జనం రాత్రింబవళ్లు చూశారు. అదీ ముచ్చటే. కానీ ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని ఆడాలనుకుంటే ఓడిపోయే వీలున్న క్యారెక్టర్ కావాలి. నా దృష్టిలో మంచి క్యారెక్టర్ అంటే, దాని చేతిలో ఓడినవాడు కూడా "మళ్లీ ఒక్కసారి" అనేది.

అపోహ: కంప్యూటర్ దానంతటదే తెలివిగా ఆడుతుంది.

ఆడదు. మనం ఏమీ రాయకపోతే క్యారెక్టర్‌కున్న కమాండ్లని ఇంజిన్ గుడ్డిగా నొక్కుతుంది. వెర్షన్ 1.0 నుంచి, ఆడుతున్నది కంప్యూటరేనా అని చెప్పే ఏఐ లెవెల్ అనే షరతు ఉంది. దాన్ని పట్టుకుని దూరం, ఎదుటివాడి కదలిక చూసి ఏం చేయాలో మనమే రాయాలి. నేను దీన్ని చివరి నెలకి వదిలేస్తాను.

అపోహ: అన్నీ ఉచితమే కాబట్టి ఎవరిది ఎవరైనా వాడుకోవచ్చు.

ఈ ఒక్క విషయంలో నాకు మనసు మండుతుంది.

ఇంజిన్ ఉచితం, వ్యాపారానికి వాడకూడదన్న షరతు మీద. క్యాప్‌కామ్, ఎస్ఎన్‌కే లాంటి కంపెనీల గేముల్లోంచి తీసిన బొమ్మలు ఆ కంపెనీలవే. అభిమానులు డబ్బు తీసుకోకుండా వాడుకుంటున్నారు, ఆ కంపెనీలు పెద్దగా పట్టించుకోవడం లేదు, అంతే. అది హక్కు కాదు. ఇక అభిమానులు సొంతంగా గీసిన బొమ్మలు, రాసిన కోడ్, చేసిన శబ్దాలు – వాటి వెనక ఒక మనిషి నిద్ర ఉంది. అందుకే ప్రతి క్యారెక్టర్ ఫోల్డర్లో రీడ్‌మీ ఫైలు ఉంటుంది. బొమ్మలు ఎవరివి, ఏ దెబ్బ కోడ్ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మార్పులు చేయాలంటే ఎవరిని అడగాలి అన్నీ అందులో రాస్తారు. కొందరు అడగకుండానే అనుమతిస్తారు, కొందరు వద్దంటారు. రెండూ వాళ్ల ఇష్టం.

కొన్నేళ్ల కిందట మన ఊళ్లోనే ఒక గేమ్ పార్లర్‌లో నా కర్రసాము మనిషి కనిపించాడు. గంటకింత అని వసూలు చేస్తున్నారు. ఫోల్డర్ తెరిచి చూస్తే రీడ్‌మీ లేదు, క్యారెక్టర్ వివరాలుండే డెఫ్ ఫైల్లో రచయిత పేరు దగ్గర ఎవరిదో పేరుంది. నా పేరు పోయినందుకు కాదు నాకు బాధ. ఆ రీడ్‌మీలో సాము నేర్పిన పెద్దాయన పేరుంది, నాకు దెబ్బల శబ్దాలు ఇచ్చిన అర్జెంటీనా అబ్బాయి పేరుంది. వాళ్లని చెరిపేశారు. మీ చేతిలోకి ఏ క్యారెక్టర్ వచ్చినా ముందు రీడ్‌మీ చదవండి. మీరు మార్చి ఇస్తే పాత పేర్ల కింద మీ పేరు చేర్చండి, పైన కాదు.

అపోహ: ముగెన్ పని అయిపోయింది, ఇప్పుడెవరూ వాడరు.

2003లో ఎలెక్‌బైట్ కనుమరుగైన మాట నిజం. విరాళమిచ్చినవాళ్లకి మాత్రమే ఇచ్చిన విండోస్ బీటా (పరీక్ష వెర్షన్) అప్పటికే బయటికి పొక్కింది, జనం ఏళ్లతరబడి దానిమీదే నడిపించారు. తర్వాత వాళ్లు తిరిగొచ్చి 2011లో 1.0, 2013లో 1.1 బీటా ఇచ్చారు. అక్కడితో ఆగింది. కానీ క్యారెక్టర్లు ఆగలేదు. ఐకెమెన్ గో అని గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ఇంజిన్ ఉంది. మన ముగెన్ క్యారెక్టర్లని చాలావరకు యథాతథంగా చదువుతుంది, లైనక్స్ మీదా మ్యాక్ మీదా నడుస్తుంది, దూరాన ఉన్నవాళ్లతో ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చు. అంకెల ఒప్పందం పదిలంగా ఉంది కాబట్టే ఇరవై ఏళ్ల కిందటి క్యారెక్టర్ ఇవాళ కొత్త ఇంజిన్‌లో దెబ్బ తిని లేస్తున్నాడు.

అపోహ: మన మనుషులూ మన ఊరూ ఫైటింగ్ గేముకి నప్పవు.

అర్జెంటీనాలో ఆంద్రెస్ బోర్గి అరువు బొమ్మ ఒక్కటీ లేకుండా ముగెన్ మీద ‘ది బ్లాక్ హార్ట్’ అనే పూర్తి గేమ్ చేశాడు. మనకేం తక్కువ? వీరఘట్టంలో పుట్టి ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న కోడి రామమూర్తి నాయుడు గారు మన ప్రాంతం మనిషే. ఆయన స్ఫూర్తితో ఇంజినీరింగ్ అబ్బాయి ఒకడు మల్లుడిని గీస్తున్నాడు. నేను చేసిన స్టేజీ ఆర్కే బీచ్. వెనకాల 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి, ఇంకా వెనక అలలు, కుడిచేతి వైపు దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఒక్కో పొర ఒక్కో వేగంతో జరుగుతుంది: ఇసుక ఆటగాళ్లతో సమానంగా, జలాంతర్గామి కాస్త నెమ్మదిగా, కొండ దాదాపు కదలకుండా. సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడుస్తూ తల తిప్పకుండా చూస్తే కనిపించేది అదే.

తెలుగుతో చిక్కులు లేకపోలేదు. ముగెన్ పాత ఫాంట్ పద్ధతిలో ఒక్కో అక్షరానికి ఒక్కో బొమ్మ, ఒత్తులూ గుణింతాలూ కలవవు. అందుకని పేర్లూ గెలుపు మాటలూ బొమ్మలుగా గీసి పెడతాం. ఇంకొకటి: క్యారెక్టర్ అటు తిరిగితే ఇంజిన్ బొమ్మని అద్దంలోలా తిప్పేస్తుంది. చొక్కా మీద తెలుగు అక్షరాలు రాస్తే అవి తిరగబడతాయి. అక్షరాలు వద్దు, ఎటు తిప్పినా ఒకేలా ఉండే అంచు గీయండి.

ఫ్లెక్సీ షాపు కుర్రాడు తప్పెటగుళ్లు ఆడే మనిషిని చేస్తున్నాడు. ఛాతీ మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు. ఎగిరి వంగే అడుగులు వాళ్ల మావయ్య దగ్గర చూసి గీశాడు, చక్కగా వచ్చాయి. పోయిన ఆదివారం అడిగాడు: "అన్నా, ఛాతీ మీద గుద్దితే తప్పెట మోగాలి గదా, మోగట్లేదేటి?" దెబ్బ శబ్దం నిర్ణయించేది కొట్టినవాడి హిట్‌డెఫ్ (దెబ్బ వివరాలు రాసే కోడ్), మనది కాదు. మన తప్పెట మోగాలంటే మన స్టేట్ మైనస్ 2లో రాయాలి. అది ప్రతి టిక్కులోనూ నడుస్తుంది, మనవాడు ఎదుటివాడి చేతిలో తలకిందులుగా ఉన్నప్పుడు కూడా. అక్కడ "నేను దెబ్బ తిన్నాను, ఇది మొదటి క్షణం" అన్న షరతు పెట్టి తప్పెట శబ్దం వాయించమన్నాం. కుంగ్‌ఫూ మ్యాన్‌ని పిలిచి ఒక్క గుద్దు గుద్దించాం. ఠంగున మోగింది. ఇప్పుడు నేలకి పడ్డప్పుడు గజ్జెలు కూడా మోగాలంటున్నాడు. శబ్దం రికార్డు చేయడానికి వచ్చే వారం వాళ్ల మావయ్యని డాబా మీదకి తీసుకొస్తాడట.