యూరియా, పచ్చాకు ధర: తగవు వేళ్ల దగ్గర ఉంది

యూరియా దొరకడం లేదన్న మాట వచ్చిన ప్రతిసారీ నీలగిరి తేయాకు రైతులు ఫ్యాక్టరీలకు అమ్మే పచ్చాకు ధర గొడవ కూడా దాని వెంటే లేస్తుంది. ఈసారీ అంతే. యూరియా దట్టించి పెంచారు, ఆకులో పస లేదని ఫ్యాక్టరీల వాళ్లంటారు. ఎరువు పడకపోతే చిగురే రాదని చిన్న రైతులంటారు. చెన్నైలో ఉండే మనకిది కొండమీది తగవే. కానీ మాంబళంలో మా వీధి చివర కొట్టు నడిపే నెల్లూరు టీ మాస్టర్‌కి పాలు పోశాక కూడా కలర్ నిలిచే డస్ట్ టీయే కావాలి. తగవంతా ఆ కలర్ దగ్గరే ఉంది.

దొరలు తోటలు వేసిన కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు 2018. అస్సాం రకం తేయాకు జన్యుపటం అంతకు ముందు ఏడాదే వచ్చింది. దాదాపు 300 కోట్ల అక్షరాల పుస్తకం అనుకోండి. 2018లో చైనాలోని అన్హుయ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం బృందం చైనా రకం పటాన్ని బయటపెడుతూ, థియనిన్‌ తయారుచేసే జన్యువు ఏదో కూడా చూపించింది. టీకి కమ్మదనం ఇచ్చే ఈ పదార్థాన్ని జపాన్‌లో 1949లోనే గుర్తించారు. ఇది ఎక్కువగా వేళ్లలో తయారై చిగుళ్లకు ఎక్కుతుంది.

యూరియా ఇచ్చేది నత్రజనే. మట్టిలో ఉండే నత్రజని రూపాల్లో తేయాకు మొక్కకు నైట్రేట్ కన్నా అమ్మోనియం ఇష్టం. నత్రజని పుష్కలంగా అందితే వేళ్లు దాన్ని థియనిన్‌గా మార్చి దాచుకుంటాయి. కరువైతే అమ్మోనియంని లోపలికి లాగే జన్యువుల్లో కొన్ని జోరందుకుంటాయి. అదే సమయంలో ఆకులో కాటెచిన్లు అనే వగరు పదార్థాలను తయారుచేసే జన్యువులు పుంజుకుంటాయి. నత్రజని లేక ఎదుగుదల మందగిస్తే మిగిలిపోయిన కార్బన్‌ అటు మళ్లుతుందన్నమాట.

గ్రీన్ టీ తాగేవాళ్లకు థియనిన్ ముద్దు. కాబట్టి నత్రజని పెంచితే నాణ్యత పెరుగుతుందన్న మాట అక్కడ చెల్లింది. మన పాల టీకి రంగు, ఘాటు వచ్చేది కాటెచిన్ల నుంచి. ఆకు నలిపి పులియబెట్టినప్పుడు అవే థియాఫ్లావిన్లుగా మారతాయి. నత్రజని మోతాదు పెంచేకొద్దీ బ్లాక్ టీ నాణ్యత తగ్గిందని కెన్యా తోటల్లో చేసిన ప్రయోగాల్లోనూ తేలింది. ఫ్యాక్టరీల ఫిర్యాదులో ఆ మేరకు నిజముంది.

కానీ రైతుకు డబ్బు వచ్చేది తూకం మీద. తక్కువ యూరియా వేసి, రెండాకులు ఒక మొగ్గ చొప్పున జాగ్రత్తగా కోసినవాడికీ, ముదురాకు కలిపి బస్తా నింపినవాడికీ కిలోకి దాదాపు ఒకే రేటు. అలాంటప్పుడు బరువు పెంచే యూరియా బస్తాని ఎవరు వదులుకుంటారు? 2021 ఏప్రిల్‌లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసి, ఏడాది తిరక్కముందే వెనక్కి తగ్గింది. 2021లో 30 కోట్ల కిలోలకు దగ్గరగా ఉన్న టీ ఉత్పత్తి 2022లో 25 కోట్లకు పడిపోయింది. ఇంధన కొరత కూడా తోడైందనుకోండి. తగ్గించడం వేరు, తెంచేయడం వేరు అని రైతులు వాదించేది ఇందుకే.

ఇంకో చిక్కుంది. నత్రజనికి జన్యువులు స్పందించే తీరు రకాన్ని బట్టి మారుతుంది. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం చైనా రకాల మీద జరిగినవే. మన దక్షిణాది తోటల్లో ఉన్నది ఇక్కడి తోటల యజమానుల సంఘం యూపాసి ఇచ్చిన యూపాసి-9 లాంటి క్లోన్లు, అంటే ఒకే మొక్క కొమ్మల నుంచి పెంచిన రకాలు. వాటికి ఎంత యూరియా చాలో అన్హుయ్ ల్యాబ్ చెప్పలేదు. వాన రోజుల్లో తడి పేరుతో తూకంలో కోత పెట్టే ఫ్యాక్టరీలు, పస ఉన్న ఆకుకి ఎంత ఎక్కువిస్తాయో కూడా ఇంకా చెప్పాల్సే ఉంది.