కూన ఒంటరిగా కనిపిస్తే తల్లి ఎక్కడుంటుంది?

జొన్నచేలో కలుపు తీస్తుంటే కాళ్ల దగ్గర జింకపిల్ల కనిపిస్తుంది. మెడ నేలకు ఆనించి, చెవులు వెనక్కి మడిచి, అడుగు దూరంలో మనిషి నిలబడ్డా కదలదు. చుట్టుపక్కల తల్లి జాడ ఉండదు. "పాపం, తల్లి వదిలేసి పోయినట్టుంది" అని ఇంటికి ఎత్తుకొస్తారు. జాలితో చేసే పనే. కానీ ఆ పిల్లను తల్లికి నిజంగా దూరం చేసేది ఆ జాలే.

కృష్ణజింక ఆరు నెలలు మోసి, మామూలుగా ఒక్క పిల్లనే ఈనుతుంది. తోడేలుకు చిక్కకుండా పరిగెత్తే బలం ఆ పిల్లకు మొదటి రెండు వారాలు ఉండదు. అందుకే దాన్ని గడ్డిలో పడుకోబెట్టి తల్లి దూరంగా మేస్తుంది. ఈనగానే పిల్లను నాకి శుభ్రం చేసి, మాయను తినేస్తుంది. పాలిచ్చేటప్పుడు తోక కింద నాకుతుంది. నాలుక తగిలితేనే పసిపిల్ల మూత్రమూ పెంటికలూ వదులుతుంది, వాటినీ తల్లే మింగేస్తుంది. దాంతో పడుకున్న చోట పసిగట్టడానికి వాసన మిగలదు. రోజుకు కొన్నిసార్లే వచ్చి, పాలిచ్చి వెళ్లిపోతుంది. మనిషి అక్కడే నిలబడి చూస్తున్నంతసేపూ రాదు.

చిరుతపులిదీ ఇదే పద్ధతి. మూడు నెలలకు పైగా మోసి రెండు మూడు కూనలను కంటుంది. పుట్టిన కూన బరువు సుమారు అర కిలో. వారం పది రోజుల దాకా కళ్లు తెరవదు. మగ చిరుత పెంపకంలో పాలు పంచుకోదు కాబట్టి, తల్లి వేటకు వెళ్తే కాపలా ఎవరూ ఉండరు. వేట దొరకని రోజున తల్లి మర్నాటికి గానీ రాకపోవచ్చు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందంటారు మన పెద్దలు. చిరుత కూడా అంతే. కొన్ని రోజులకోసారి కూనలను మెడ తోలు పట్టుకుని, ఒక్కొక్కదాన్నే కొత్త చోటికి మారుస్తుంది. ఆ మార్పిడి మధ్యలో ఎవరైనా చూస్తే, మిగిలిన కూన దిక్కులేనిదిగా కనిపిస్తుంది.

మహారాష్ట్రలో పుణె జిల్లా జున్నర్ ప్రాంతంలో ఇది ఏటా ఎదురయ్యే సమస్య. చెరకు ఏడాది పాటు నిలబడి ఉంటుంది. లోపల నీడ, కాలువలో నీళ్లు, దగ్గర్లో ఊరకుక్కలు, పందులు. చిరుతలు ఆ తోటల్లోనే ఈనుతున్నాయి. కోతలు మొదలయ్యాక, కొడవలి పట్టిన కూలీలకు గడల మధ్య కూనలు కనబడతాయి. అక్కడి అటవీ సిబ్బంది, మాణిక్‌డోహ్ చిరుతల కేంద్రం పశువైద్యులు పదుల సంఖ్యలో కూనలను తిరిగి తల్లులకు చేర్చారు.

వాళ్లు చేసే పని చూడటానికి తేలిక. ముందు ఆ మడిలో కోత ఆపిస్తారు. వైద్యుడు కూనకు గాయాలున్నాయా, ఒంట్లో నీరు తగ్గిందా చూసి, పిడుదులు ఏరేస్తాడు. ఆడో మగో రాసుకుంటారు. తర్వాత గుర్తించడానికి చర్మం కింద మైక్రోచిప్ పెడతారు. పొద్దు వాలే వేళకు కూరగాయలు మోసే ప్లాస్టిక్ క్రేట్ లాంటిదాంట్లో కూనలను ఉంచి, దొరికిన చోటనే పెడతారు. మూత లేకపోతే కూన పాకి పోతుంది, గట్టిగా బిగిస్తే తల్లి తీయలేదు. పంజాతో తోస్తే ఊడేలా ఉండాలి. పక్కనే కదలికకు ఫొటో తీసే కెమెరాలు కట్టి, మనుషులందరూ దూరం జరుగుతారు. తల్లి చాలాసార్లు ఆ రాత్రే వస్తుంది. ముందు చుట్టూ తిరిగి వాసన చూస్తుంది, క్రేట్‌ను పడదోస్తుంది, ఒక కూనను నోట కరుచుకుని వెళ్లి, రెండోదానికోసం మళ్లీ వస్తుంది. రాకపోతే మర్నాటి సాయంత్రం అదే చోట మళ్లీ పెడతారు. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లను ముట్టదన్న నమ్మకం ఎంత తప్పో ఈ కూనలే చెబుతాయి. వైద్యుడు పరీక్షించి, చిప్ పెట్టిన కూనలవి.

మరి ఎక్కడ చెడుతుంది? అన్నిటికంటే ఎక్కువగా జనంతో. ఫోన్లు, టార్చిలైట్లు, కేకలు ఉంటే తల్లి గట్టు అవతలే ఆగిపోతుంది. బెదిరిన తల్లి మీద పడితే మనుషుల ప్రాణాలకే ముప్పు. రెండోది, కూనను ఊళ్లోకి తేవడం. తల్లి వెతికేది తాను దాచిన చోట. మూడోది పాలు. ఆవుపాలలో చక్కెర ఎక్కువ, పులిజాతి కూనకు కావలసిన మాంసకృత్తులు, కొవ్వు తక్కువ. అవి తాగిన కూనకు విరేచనాలు పట్టుకుంటాయి. వెల్లకిలా పడుకోబెట్టి సీసాతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబడిన కూన పాలు అరిగించుకోలేదు, దానికి ముందు కావలసింది వెచ్చదనం. అటవీ శాఖకు కబురు చేసి, వాళ్లు వచ్చేదాకా కుక్కలను దూరంగా ఉంచగలిగితే అదే పెద్ద సాయం. వన్యప్రాణిని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

ప్రతిసారీ ఫలించదు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం శివారులో నాలుగు పులి కూనలు దొరికాయి. నల్లమల అంచు ఊరు అది. అటవీ సిబ్బంది తల్లి కోసం గాలించి, కూనలను దాని చెంతకు చేర్చాలని కొన్ని రోజులు ప్రయత్నించారు. కుదరక చివరికి తిరుపతి ఎస్వీ జూకు తరలించారు.

తల్లి లేని పులికూనను మళ్లీ అడవికి పంపాలంటే జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమాలు కఠినంగా ఉంటాయి. మనుషులకు అలవాటు పడనీయకుండా, అడవిలోనే పెద్ద ఆవరణలో కనీసం 2 ఏళ్లు పెంచాలి. వదిలేలోపు అది సొంతంగా కనీసం 50 జంతువులను వేటాడి ఉండాలి. అడవిలో పెరిగే కూన ఆ వేటను తల్లి వెంట తిరుగుతూ, తల్లి పడగొట్టిన జంతువు మీద పళ్లు, పంజా సాధన చేస్తూ నేర్చుకుంటుంది.