అలిపిరి గేటుకు ఇవతల

తిరుపతి హోటళ్లకు బాంబు బెదిరింపు మెయిల్ వచ్చిన ప్రతిసారీ ఒకే తంతు. డాగ్ స్క్వాడ్ వస్తుంది, గదులన్నీ వెతుకుతారు, ఏమీ దొరకదు. తిరుమల కొండదారి మొదట్లో ఉన్న అలిపిరిలో తనిఖీ బిగుస్తుంది, కార్లు బారులు తీరతాయి. గంటల తరబడి నిలబెడుతున్నారని ట్యాక్సీ డ్రైవర్లు అంటారు, భద్రతలో రాజీ కుదరదని అధికారులు అంటారు. 2024 అక్టోబరులో లీలామహల్ సెంటరు, కపిలతీర్థం వైపు హోటళ్లకు వరసగా మెయిళ్లు వచ్చినప్పటి నుంచి ఈ వాదన ఆగలేదు. బెదిరింపు ఊరికి వస్తుంటే బిగింపు కొండదారిలో ఎందుకు?

జవాబు 2003 అక్టోబరు 1లో ఉంది. ఆ రోజు ఏం జరిగిందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్ క్లెమోర్ మైన్లు పేల్చింది. ఆయన, మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. తర్వాతి రాజకీయం గురించి చాలామంది రాశారు. తనిఖీ పద్ధతి గురించి రాసినవాళ్లు తక్కువ.

క్లెమోర్‌ను రోడ్డు కింద పాతరు. పక్కన పెడతారు, అది ఒక వైపుకే ఇనుప ముక్కల్ని చిమ్ముతుంది. దూరంగా దాక్కున్న మనిషి బండి ఎదురుగా వచ్చేదాకా చూసి పేలుస్తాడు. కాబట్టి తారురోడ్డు, కల్వర్టు చూసుకుని వెళ్లిపోతే సరిపోదు, అంచు దిగి పొదల్లో వైరు కోసం వెతకాలి. వీఐపీ రాకముందు నడిచే రోడ్ ఓపెనింగ్ పార్టీకి నేర్పేది ఇదే. కొత్తగా కదిలిన మట్టి కనిపిస్తే ఆగాలి. పచ్చటి పొదలో ఒక్క కొమ్మ మాత్రం వాడిపోయి ఉంటే, ఎవరో విరిచి తెచ్చి కప్పారేమో చూడాలి. కల్వర్టులోకి రెండు వైపుల నుంచీ వంగి చూడాలి. చూసిన చోట కాన్వాయ్ దాటేదాకా మనిషి కాపలా ఉండాలి. ఈ చివరిదే ఎక్కువగా తప్పుతుంది. పొద్దున వెతికి వదిలేసిన రోడ్డు సాయంత్రానికి వెతకని రోడ్డుతో సమానం.

కాన్వాయ్ కోసం నేర్చుకున్న ఈ జాగ్రత్త భక్తుల తనిఖీనీ మార్చేసింది. కొండకు ముప్పు దారిలోంచే వస్తుందన్న ఆలోచన స్థిరపడింది, అలిపిరి గేటే కోట తలుపైంది. పోలీసుల మాటలో నిజం ఉంది: ఆ తర్వాత ఘాట్ రోడ్డులో అలాంటి దాడి జరగలేదు.

కానీ ఆ గేటు రెండు పనులు చేస్తోంది. పేలుడు పదార్థం వెతకాల్సిన కళ్లే మద్యం సీసా, సిగరెట్లు, గుట్కా, ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు కూడా వెతకాలి. స్కానర్ తెర ముందు ఇరవై నిమిషాలు కూర్చుంటే చూపు మొద్దుబారుతుంది. విమానాశ్రయాల్లో అందుకే మనిషిని మారుస్తారు. కుటుంబంతో వచ్చినవాళ్లు బట్టల సంచి, పులిహోర డబ్బా, స్టీలు క్యారియర్, పిల్లల పాల ఫ్లాస్కు ఒకదాని మీద ఒకటి పేర్చి బెల్టు మీదకు తోస్తారు. క్యారియర్ వెనక ఉన్నది తెర మీద సరిగా కనిపించదు. దాన్ని తీసి పక్కన పెట్టమనాలంటే లైను ఆగుతుంది, వెనక హారన్లు మొదలవుతాయి. నిషేధిత వస్తువుల తనిఖీని వేరే వరసకు మార్చాలని డ్రైవర్లు అడిగేది ఇందుకే. అది భద్రతను తగ్గించమనే కోరిక కాదు.

ఈలోగా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ముప్పు రూపం మారింది. 2013 అక్టోబరు 5న పుత్తూరులో తమిళనాడు హత్య కేసుల నిందితులు దాక్కున్న ఇంటిని ఆ రాష్ట్ర పోలీసులు, ఆంధ్రప్రదేశ్ ఉగ్రవాద వ్యతిరేక దళమైన ఆక్టోపస్ బలగాలు చుట్టుముట్టి గంటల తరబడి పోరాడాయి. తిరుపతికి 40 కిలోమీటర్ల లోపే, ఇళ్ల మధ్య. 2016 ఏప్రిల్ 7న చిత్తూరు కోర్టు ఆవరణలో బాంబు పేలింది. కొల్లం, మైసూరు, నెల్లూరు, మలప్పురం పేలుళ్లు కూడా ఈ కోర్టు బాంబు పెట్టిన ముఠా పనేనని జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ తేల్చింది, ఆ ఏడాది నవంబరులో మధురైలో అరెస్టులు జరిగాయి. వాయిదాకు వచ్చినవాళ్లు, వకీళ్లు, గుమాస్తాలు తిరిగే చోటు ఆ కోర్టు ఆవరణ. అక్కడ వీఐపీ లేడు, కాన్వాయ్ లేదు.

తిరుపతిలో అలాంటి చోట్లంటే రైల్వే స్టేషన్, బస్టాండు, టీటీడీ వసతి గృహం విష్ణు నివాసం, వాటి చుట్టూ ఉన్న లాడ్జీలు. బెదిరింపు వచ్చాక ఇక్కడ తొందరపాటే అసలు ప్రమాదం. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఏ బాంబూ లేదు, గేటు తెరిస్తే చాలింది. నిండిన లాడ్జీలో నాలుగంతస్తుల జనానికి ఒకే మెట్లదారి ఉన్నచోట "బాంబు" అని అరిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

అందుకే ముందు లాడ్జీ సిబ్బంది మౌనంగా చూడాలి. బయట పార్కింగు, రిసెప్షను, మెట్ల కింద, బాత్రూములు, ఆ తర్వాత గదులు. ఏది ఎవరిదో తెలిసింది వాళ్లకే, బయటినుంచి వచ్చిన పోలీసుకు ప్రతి సంచీ కొత్తదే. అనుమానపు సంచి కనిపిస్తే ముట్టుకోకూడదు, దాని పక్కన సెల్‌ఫోన్ వాడకూడదు, ఆ మెట్లు వదిలి వేరే దారిలో జనాన్ని పంపాలి. జాగిలం రాగానే పని అయిపోయినట్టు కాదు. మధ్యాహ్నం ఎండకు నాలుక బయటపెట్టి ఒగరుస్తుంటే అది సరిగా వాసన పట్టలేకపోతుంది, నీడలో కాసేపు పడుకోబెట్టి మళ్లీ తిప్పాలి.

కౌంటర్‌లో కుర్రాడు ఆ మెయిల్‌ను భయపడి డిలీట్ చేయకూడదు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే ఊరంతా పరుగులు పెడుతుంది, దర్యాప్తుకు మాత్రం పనికిరాదు. పంపినవాడి జాడ ఉండేది అసలు మెయిల్ హెడర్‌లో, అంటే మెయిల్‌తో పాటు వచ్చే, మామూలుగా కంటికి కనిపించని వివరాల్లో. మెయిల్‌ను ఇన్‌బాక్స్‌లో అలాగే ఉంచి, 112కు ఫోన్ చేసి, వచ్చిన పోలీసులకు ఆ కంప్యూటర్‌లోనే చూపించాలి.