చమురు పొరలోకి ఎక్కించిన నీళ్లు ఎటు పోతాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

సెలవు మీద హనుమకొండ వచ్చినప్పుడల్లా మా వాడకట్టులో ఇదే అడుగుతారు: “తమ్మీ, నూనె తీసే కాడ నీళ్లెందుకు ఎక్కిస్తరు? అవి ఎటు పోతున్నయో మీకెట్ల తెలుస్తది?” ఆ రెండో ప్రశ్నే నా ఉద్యోగం.

అపోహ: లోపల నూనె చెరువులా నిలిచి ఉంటుంది.

చెరువు లేదు, రాయే ఉంటుంది. రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్ల మీద తేలడానికి కారణం వాటి నిండా ఉన్న రంధ్రాలు. చమురు రాయిలోనూ రంధ్రాలే, కాకపోతే చాలావరకు కంటికి ఆనవు, ఒకదానితో ఒకటి కలిసి ఉంటేనే నూనె కదులుతుంది. తోడేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది కాబట్టి వేరే బావుల్లోంచి నీళ్లు ఎక్కిస్తారు. ముంబై తీరం దగ్గర సముద్రంలో ఉన్న చమురు క్షేత్రం బాంబే హైలో 1980ల నుంచి సముద్రపు నీళ్లే ఎక్కిస్తున్నారు.

అపోహ: పక్క బావిలో ప్రెజర్ పెరిగిందంటే నీళ్లు అక్కడికి చేరినట్టే.

ఇది మా ఫీల్డులోకి కొత్తగా వచ్చినవాళ్లూ నమ్ముతారు. నర్సంపేట వైపు మిరప చేన్లలో చూడండి, ఒకాయన మోటరు వేస్తే పక్క చేను బోరు ఆగి ఆగి పోస్తుంది. ఆ బోరు కింది నీళ్లు అంతలోనే ఈ బోరుకు నడిచి రాలేదు, వచ్చింది ఒత్తిడి మార్పు ఒక్కటే. చమురు పొరలోనూ ఒత్తిడి గంటల్లో, రోజుల్లో తెలిసిపోతుంది, నీళ్లు చేరడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అవి నిజంగా చేరాయా అన్నది తేలాలంటే ట్రేసర్ కలపాలి, అంటే నీళ్లతోపాటే నడిచే రసాయనం, చిటికెడున్నా ల్యాబ్ పట్టేస్తుంది. లేదా నీళ్ల ఉప్పులు చూడాలి. చాలాచోట్ల పొరలోని పాత నీళ్లలో బేరియం ఉంటుంది, సముద్రపు నీళ్లలో సల్ఫేట్ ఉంటుంది, రెండూ కలిస్తే గట్టి పెచ్చు కడుతుంది. ఒకసారి బావి పైపు విప్పితే లోపల తెల్లటి పెచ్చు, గోరుతో గీకితే ఇసుమంత కూడా రాలలేదు. అంతకుముందు మూడు నెలల శాంపిళ్లలో బేరియం తగ్గుతూనే ఉంది, అంటే సముద్రపు నీళ్లు చేరి అది పెచ్చుగా మారుతోందన్న సూచన, మేమే చూసీ పక్కన పెట్టాం. ఇప్పటికీ తలుచుకుంటే బాధనిపిస్తుంది.

అపోహ: సీస్మిక్ సర్వే చేస్తే స్కానింగులో కనపడ్డట్టు అంతా కనపడుతుంది.

సీస్మిక్ అంటే నేలలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో లోపలి పొరల బొమ్మ గీయడం. మేం చూసేది వేర్వేరు సమయాల్లో చేసిన రెండు సర్వేల మధ్య తేడా. నార్వే దగ్గర స్లైప్నర్‌లో 1996 నుంచి సముద్రం అడుగున ఇసుకరాతి పొరలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించారు, అది ఎటు పాకిందో సీస్మిక్‌లో స్పష్టంగా కనపడింది, ఎందుకంటే గ్యాస్ చేరితే ధ్వని వేగం బాగా తగ్గుతుంది. గట్టి సున్నపురాయిలో నూనె పోయి నీళ్లు వచ్చి చేరితే ఆ తేడా చాలా సన్నగా ఉంటుంది, ఆ ఒక్క బొమ్మనే నమ్మి కొత్త బావి తవ్వమని నేనైతే చెప్పను.

అపోహ: నీళ్లు ఎక్కిస్తే భూకంపాలు తప్పవు.

తోడినంత మేరకే నింపుతుంటే సాధారణంగా భయం లేదు. ఒత్తిడి మితిమీరి పాత పగుళ్లకు తగిలినప్పుడే ముప్పు. అమెరికాలోని రేంజ్లీ చమురు క్షేత్రంలో 1969 నుంచి 1973 దాకా శాస్త్రవేత్తలు కావాలనే ఒత్తిడి పెంచి, తగ్గించి చూశారు, చిన్న ప్రకంపనలూ దాంతోపాటే పెరిగాయి, తగ్గాయి. అలాంటి పగుళ్లున్న చోట పక్క బావిలోకి జియోఫోన్లు, అంటే నేల కదలికలను పట్టే పరికరాలు దించి, నీళ్లు ఎక్కించే మోటర్లు నడిచినంతసేపూ వింటూనే ఉంటాం.