పైలట్‌కి రెస్ట్ ఎక్కువైందా? ఆ మాట వెనక ఇరవయ్యేళ్ల కథ

మొన్న 2025 డిసెంబర్ 5న ఇండిగో ఒక్కరోజులోనే వెయ్యికి పైగా ఫ్లైట్లు క్యాన్సిల్ చేసింది కదా, ఆరోజు బెంగళూరు యలహంకలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఒక పెద్దాయన "పైలట్లకి రెస్ట్ ఎక్కువ ఇవ్వాలని రూల్ పెట్టారంటమ్మా, అందుకే ఇదంతా" అన్నారు. పాపం విజయవాడలో పెళ్లికి వెళ్లాల్సిన మనిషి, ఆయన కోపం ఆయనది, నేనేమీ అనలేదు. ఇంట్లోకి వచ్చేసరికి మా తమ్ముడు మిట్టమధ్యాహ్నం నల్ల కర్టెన్లు లాగేసుకుని పడుకుని ఉన్నాడు. వాడు వేరే ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే కో-పైలట్, ఏ ఎయిర్‌లైనో చెప్పను. ముందురోజు రాత్రి రెండింటికి పికప్ క్యాబ్ వచ్చింది, రెండు ఫ్లైట్లు కొట్టి పొద్దున పదకొండింటికి వచ్చి షూస్ కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయాడు, నేనే విప్పాను.

ఆ రూల్ ఏంటో ముందు చెప్తా. వారానికోసారి పైలట్‌కి ఏకధాటిగా 36 గంటల రెస్ట్ ఉండేది, దాన్ని 48 చేశారు. రాత్రి డ్యూటీ లెక్కలో రాత్రి అంటే 12 నుంచి 5 దాకా ఉండేది, 6 దాకా పెంచారు. రాత్రిపూట ఆరు ల్యాండింగుల దాకా వేయొచ్చు అన్నదాన్ని రెండుకి తగ్గించారు. ఇదంతా విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలోనే ప్రకటించింది, జూన్ 1 నుంచి అమలు అన్నారు, ఎయిర్‌లైన్స్ కుదరదు అంటే వాయిదా వేశారు, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడితే చివరికి 2025 జులై 1న సగం, నవంబర్ 1న మిగతాది అని తేలింది. అంటే రెడీ అవ్వడానికి దాదాపు రెండేళ్లు దొరికింది. ఆ రెండేళ్లలో సరిపడా పైలట్లని తీసుకోని తప్పు ఎవరిదో లిఫ్ట్‌లో ఎవరూ మాట్లాడుకోరు. పైగా గొడవ ముదిరాక జరిగిందేంటి, ఇండిగోకి 2026 ఫిబ్రవరి 10 దాకా రాత్రి రూల్స్ నుంచి మినహాయింపు ఇచ్చారు, వీక్లీ రెస్ట్ బదులు లీవ్ చూపించకూడదు అన్న క్లాజ్ కూడా తీసేశారు. విమానయాన మంత్రి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే, ప్రయాణికుల కష్టం చూసే చేశారు అనుకుందాం, కానీ ఆ కష్టాన్ని తీర్చింది మళ్లీ పైలట్ల నిద్రలోంచి కోసే కదా.

నిద్ర గురించి ఎందుకింత పట్టు అంటే మంగళూరు గుర్తు తెచ్చుకోండి. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ రన్‌వే దాటిపోయి లోయలో పడింది, 158 మంది పోయారు, బతికింది ఎనిమిది మందే. ఎంక్వైరీలో కాక్‌పిట్ రికార్డింగ్ వింటే కెప్టెన్ గంటన్నరకి పైగా నిద్రలో ఉన్నట్టు తేలింది, గురక వినిపించింది. నిద్రలోంచి లేచిన మనిషి బుర్ర వెంటనే పనిచెయ్యదు, ఆ మత్తులో తీసుకున్న నిర్ణయాలూ కారణమే అని రిపోర్టులో రాశారు. ఆ తర్వాతే 2011లో డ్యూటీ గంటల రూల్స్ కొత్తగా వచ్చాయి.

ఇక్కడ చాలామంది అడిగేదొకటుంది, అలిసిపోతే ఫెటీగ్ రిపోర్ట్, అంటే అలసటగా ఉంది ఎగరలేను అని కంపెనీకి రాసి, పెట్టి ఇంట్లో ఉండొచ్చు కదా అని. కాగితం మీద ఉండొచ్చు. కానీ రేపు ఈ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడు, నెత్తి మీద అప్పు ఉన్నవాడు, నచ్చకపోతే వదిలి పోలేనివాడు ఆ రిపోర్ట్ పెట్టడు. ఈ మూడూ పైలట్ల మీదకి ఎట్లా వచ్చాయో తెలియాలంటే మన బెంగళూరు నుంచే మొదలుపెట్టాలి.

2003లో కెప్టెన్ గోపీనాథ్ ఇక్కడినుంచి ఎయిర్ డెక్కన్ నడపడం మొదలుపెట్టారు, పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్ రోజులవి, దేవనహళ్లిది 2008లో కదా వచ్చింది. రూపాయి టికెట్ అంటే జనం ఎగబడ్డారు. 2005లో కింగ్‌ఫిషర్, స్పైస్‌జెట్, గోఎయిర్, 2006లో ఇండిగో, వరసగా అందరికీ పైలట్లు కావాలి, ఒకరి దగ్గరున్నవాళ్లని ఇంకొకరు లాక్కోవడమే. దీన్ని ఆపాలని 2005లో డీజీసీఏ పైలట్ మానేయాలంటే ఆరు నెలల నోటీస్ ఇవ్వాలని రూల్ తెచ్చింది, 2017లో కెప్టెన్లకి దాన్ని ఏకంగా ఏడాది చేసింది. ఇది ఏదో కంపెనీ కాంట్రాక్ట్‌లో మాట కాదు, ప్రభుత్వ నిబంధన. బెంగళూరు ఐటీ వాళ్లు మూడు నెలల నోటీస్‌కే ఎంత గోల పెడతారో చూస్తూనే ఉంటాం, ఏడాది అంటే ఊహించుకోండి.

మరి కంపెనీ ఎంత నోటీస్ ఇచ్చింది? కింగ్‌ఫిషర్ రిజిస్టర్డ్ ఆఫీస్ ఈ ఊళ్లోనే, యూబీ సిటీలో. 2012లో నెలల తరబడి జీతాల్లేవు, పైలట్లు, ఇంజనీర్లు ఓపిక పట్టీ పట్టీ డ్యూటీ మానేస్తే అక్టోబర్ 1న లాకౌట్ అన్నారు, 20న లైసెన్స్ సస్పెండ్ అయింది, అంతే. మా పాత ఓనర్ గారి అబ్బాయి అందులో ఏటీఆర్ అనే చిన్న విమానం నడిపేవాడు, యూనిఫాం ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కి తగిలించి నెలల తరబడి అట్లానే ఉంచాడు, మళ్లీ పిలుస్తారని. జెట్ ఎయిర్‌వేస్‌ది 2019 ఏప్రిల్ 17న ఆఖరి ఫ్లైట్, దాన్ని అమ్మేసి బాకీలు తీర్చమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 నవంబర్ అయింది, అయిదేళ్లు పైలట్లు జీతం బకాయిల కోసం ఎదురుచూసిన కథ అది. గో ఫస్ట్ 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది, మర్నాటి నుంచి ఒక్క ఫ్లైట్ లేదు. మనిషికి ఏడాది, కంపెనీకి ఒక్కరోజు!

మధ్యలో కోవిడ్. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో మామూలు ప్యాసింజర్ విమానాలే ఎగరలేదు, ఇండిగో పదిమందిలో ఒకరిని తీసేసింది, మిగతావాళ్లకి జీతాల కోత, జీతం లేని సెలవు. ఆ కోత పూర్తిగా తిరిగి ఇవ్వలేదని 2022లో కొందరు సమ్మెకి సిద్ధమైతే వాళ్లని సస్పెండ్ చేశారు. 2024లో విస్తారాని ఎయిర్ ఇండియాలో కలిపేటప్పుడు నెలకి 70 గంటలకి ఉన్న గ్యారంటీ జీతాన్ని 40 గంటలకి మార్చారు, పైలట్లు మూకుమ్మడిగా సిక్ పెట్టారు, అప్పుడూ జనం వాళ్లనే తిట్టారు.

అప్పు సంగతి మా ఇంటిదే చెప్తా. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటల ఫ్లయింగ్ కావాలి, ప్రతి గంటకీ డబ్బే. గుత్తి దగ్గర మా నాన్న రెండెకరాలు అమ్మాడు, మిగతాది లోన్. లైసెన్స్ వచ్చాక రెండేళ్లు ఉద్యోగం రాలేదు, జక్కూరు ఎయిర్‌స్ట్రిప్ కంచె పక్కన నిలబడి ట్రైనింగ్ విమానాలు చూసొచ్చేవాడు, ఇంట్లో మేం ఎవరం ఏమీ అడిగేవాళ్లం కాదు. తర్వాత టైప్ రేటింగ్‌కి, అంటే ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే ట్రైనింగ్‌కి, ఇంకో పాతిక లక్షలు, చేరేటప్పుడు మధ్యలో మానేయనని బాండ్. పోయిన వర్షాకాలంలో ఇంకో నైట్ డ్యూటీ ముందు సోఫాలో కూర్చుని ఫోన్‌లో ఫెటీగ్ రిపోర్ట్ సగం రాశాడు, నేను పక్కనే ఉన్నా, కాసేపు దానివంకే చూసి డిలీట్ చేసి కాఫీ పెట్టమన్నాడు. నాన్న ఇప్పటికీ రోజూ నాకు ఫోన్ చేసి ముందు అడిగేది ఒకటే, "పిల్లోడు నిద్రపోయినాడా అమ్మా?"

ఈ మధ్య గల్ఫ్‌లో ఒక ఎయిర్‌లైన్ నుంచి కబురొచ్చింది, అక్కడ రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, నెల ముందే చేతికిస్తారంట. అదే టైమ్‌కి ఇక్కడ వాడి కమాండ్ అప్‌గ్రేడ్ కూడా దగ్గరపడింది, కెప్టెన్ అవుతాడని అమ్మ ఊళ్లో అందరికీ చెప్పేసింది. వాడు మాత్రం క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చుంటున్నాడు, ఫస్ట్ ఆఫీసర్‌గా ఉండగా పేపర్ పెడితే ఆరు నెలల నోటీస్, కెప్టెనై భుజం మీద నాలుగో గీత పడితే ఏడాది.