సైబీరియా కొంగలు, ఉగాది కోకిల, పొద్దుటి పిట్టలు: శరత్కాలపు పక్షుల మీద అపోహలు – వాస్తవాలు

అపోహ: తేలినీలాపురం, నేలపట్టు, ఉప్పలపాడు వచ్చే పెద్ద కొంగలు సైబీరియావి.

పేపర్లో ఏటా రాస్తారు, టీవీలో ఏటా చెబుతారు. నిజం మాత్రం కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద దిగే గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) మన ప్రాంతపు పక్షులే. గూడబాతు భారత్, శ్రీలంక, కంబోడియా దాటి ఉత్తరానికి పోదు. సైబీరియాలో అసలు కనిపించదు. అది సెప్టెంబరు, అక్టోబరుల్లో ఊళ్లోకి వస్తోందంటే వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిందని కాదు, గూడు కట్టే కాలం వచ్చిందని. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండుతాయి. పిల్లలకు చేప దొరుకుతుంది. చెట్టు కింద నీళ్లుంటే పిల్లి, నక్క లాంటివి పైకి రాలేవు. కొల్లేరు పక్కన ఆటపాకలో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పెడితే వాటి మీద కూడా గూళ్లు కట్టాయి.

దీన్ని తేల్చుకోవడానికి సులువైన లెక్క ఒకటుంది. చలికాలానికి ఉత్తరం నుంచి వచ్చే పక్షి ఇక్కడ గుడ్లు పెట్టదు. దాని గుడ్లు, పిల్లలు అన్నీ అక్కడే. ఇక్కడ గూడు కడుతోందంటే ఇదే దాని పుట్టిల్లు. ఇక అసలు సైబీరియా కొంగ, అంటే సైబీరియన్ క్రేన్, మన దేశంలో చివరిసారి కనిపించింది 2002లో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో.

మరి సైబీరియా నుంచి ఎవరూ రారా? వస్తారు. ఎవరూ తలెత్తి చూడరు, అంతే. కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోట బురద మీద సూదిలా ముక్కు గుచ్చుతూ పరుగెత్తే మట్టిరంగు ఉల్లంకి పిట్టలను చూడండి. వాటిలో ముక్కు కాస్త కిందికి వంగినది కర్ల్యూ శాండ్‌పైపర్. అది గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు కొసన, చెట్లు లేని టండ్రా నేలల్లో. దాని పక్కనే తిరిగే లిటిల్ స్టింట్ పాతిక, ముప్పై గ్రాముల పిట్ట. దానిదీ ఆర్కిటిక్ తీరమే. గూడబాతుకు ఇచ్చే గౌరవంలో పదో వంతు వీటికి ఇచ్చినా ఆ బురదలో జనం చెత్త పోయరు.

అపోహ: చలికి తట్టుకోలేక వస్తాయి, పెద్దవి పిల్లలకు దారి చూపిస్తాయి.

ఈ ఉల్లంకి పిట్టలు అక్కడ బయల్దేరేది జులైలో. అప్పుడు అక్కడ ఎండాకాలం. నేల గడ్డకట్టి పురుగు దొరక్కుండా పోయేదాకా ఆగవు. ముందు పెద్దవి బయల్దేరతాయి, అందుకే ఆగస్టులోనే మన తీరంలో కనిపిస్తాయి. కొన్నిటికి పొట్ట మీద ఇటుక ఎరుపు ఇంకా మచ్చలు మచ్చలుగా మిగిలే ఉంటుంది. పిల్లలు నెల, నెలన్నర తర్వాత సొంతంగా బయల్దేరతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో కనిపించేవాటిలో చాలా భాగం ఇవే. దారి చూపించేవాళ్లు లేకుండా, పుట్టిన కొన్ని వారాలకే వచ్చినవి. పెద్దబాతులు, క్రేన్ కొంగల వంటి కొన్ని జాతుల్లో పిల్లలు పెద్దవాటితో కలిసి ప్రయాణిస్తాయి, నిజమే. అది అన్నిటికీ వర్తించదు.

అపోహ: పుస్తకంలో బొమ్మ రంగుతో పోల్చుకుంటే పేరు తెలిసిపోతుంది.

అక్టోబరులో ఈ పద్ధతి పనిచెయ్యదు. ముఖచిత్రాల మీద వేసేది గూళ్లు కట్టే కాలపు రంగు. మన దగ్గరకొచ్చేసరికి అన్నీ బూడిద, మట్టి రంగులే. కాబట్టి రంగును చివరికి వదిలేసి ఈ వరుసలో చూడండి: ముక్కు తలతో పోలిస్తే ఎంత పొడవు, నిటారా వంకరా, కాళ్ల రంగు, తినే తీరు, ఎగిరినప్పుడు రెక్క మీద తెల్ల గీత, తోక మొదట్లో తెలుపు. కర్ల్యూ శాండ్‌పైపర్ ఎగిరితే తోక మొదలు తెల్లగా మెరుస్తుంది. లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, దాని జోడీలా ఉండే టెమ్మింక్ స్టింట్ కాళ్లు పసుపుపచ్చ. కాళ్లకు బురద అంటుకుంటే ఈ తేడా కనపడదు, నీళ్లలోకి దిగి వచ్చేదాకా ఆగాలి. ఈ యేటి పిల్లను గుర్తుపట్టడం కూడా కష్టం కాదు. వీపు మీద ప్రతి ఈకకూ సన్నని లేత అంచు ఉండి చేప పొలుసులు పేర్చినట్టు కనిపిస్తుంది. పెద్దవాటి ఈకలు అరిగి, అంచులు చిరిగి ఉంటాయి.

తినే తీరు ఒక్కటే సరిపోయే పిట్టలూ ఉన్నాయి. అల వెనక్కి పోతుంటే దాని వెంట పరుగెత్తి, ముందుకు వస్తుంటే వెనక్కి పరుగెత్తే తెల్లటి పిట్ట శాండర్‌లింగ్. నిలబడిన చోటే నడుము కింది భాగాన్ని ఊపుతూ ఉండేది కామన్ శాండ్‌పైపర్. ఇది విశాఖలో మురుగు కాలవ పక్కన కూడా దొరుకుతుంది.

అపోహ: పక్షుల్ని చూడాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి.

పెరట్లో అయితే సరే. తీరంలో మాత్రం గడియారం కన్నా ఆటుపోట్లు ముఖ్యం. నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు వెళితే బురద కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది, పక్షులు దాని ఆ కొసన చుక్కల్లా ఉంటాయి. పోటు నిండాక వెళితే అవి ఎక్కడో ఇసుక దిబ్బ మీద నిద్రపోతుంటాయి. సరైన వేళ పోటు నిండడానికి మూడు గంటల ముందు నుంచి ఒక గంట ముందు వరకు. నీరు ఎక్కుతున్న కొద్దీ బురద కుదించుకుపోయి, పక్షులు తింటూ తింటూ వాటంతట అవే మీవైపు వస్తాయి. మీరు చెయ్యాల్సిందల్లా కదలకుండా కూర్చోవడం.

రెండో చిక్కు వెలుతురు. మనది తూర్పు తీరం. పొద్దున సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, తొమ్మిది దాటేదాకా ప్రతి పక్షీ నల్లటి నీడే. కాళ్ల రంగు చూడమని పైన చెప్పిందంతా వృథా. సాయంత్రం వెలుతురు వీపు మీద పడుతుంది. అంటే మనక్కావలసింది సాయంత్రం అయిదు ప్రాంతంలో పోటు నిండే రోజు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అందువల్ల అలాంటి రోజు దాదాపు 15 రోజులకోసారి వస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆటుపోట్ల అంచనాలు ఇస్తుంది. వాటిని చూసి నెల రోజులకు సరిపడా కాలెండర్లో గుర్తు పెట్టుకోవచ్చు. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల నీరు ఎక్కువ ఎత్తుకు వస్తుంది, బురద త్వరగా మునుగుతుంది. ఆ రోజుల్లో అరగంట ముందే చేరుకోండి.

బురదలోకి దిగొద్దు. మోకాలిదాకా కూరుకుపోవడం ఒక ఎత్తు, ముందున్న పక్షుల్ని చూస్తుండగా వెనకున్న పాయ నిండి దారి మూసుకుపోవడం ఇంకో ఎత్తు. గట్టు మీదే ఉండండి. పక్షులు తినడం ఆపి మెడలు నిక్కించాయంటే ఎక్కువ దగ్గరకు వచ్చేశారని. రెండడుగులు వెనక్కి వేస్తే మళ్లీ ముక్కులు దించుతాయి. ఫొటో కోసం గుంపును లేపడం మాత్రం క్షమించరాని పని: ప్రయాణంలో కరిగిన కొవ్వును అవి గింజ గింజగా కూడబెట్టుకునే కాలమిది.

అపోహ: లక్ష రూపాయల కెమెరా లేనిదే ఈ హాబీ కుదరదు.

8×42 బైనాక్యులర్ చాలు. 8 అంటే ఎన్ని రెట్లు, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. బజార్లో 20 రెట్లు, 30 రెట్లు అని అమ్మేవి కొనకండి, చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

కొన్నాక చాలామంది ‘మసగ్గా ఉంది’ అని పక్కన పడేస్తారు. చాలాసార్లు తప్పు సర్దుబాటులోనే ఉంటుంది. కుడికన్ను మూసి, దూరంగా ఉన్న బోర్డు అక్షరాల్ని మధ్య చక్రంతో ఎడమకంటికి స్పష్టం చేసుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి గొట్టం మీదున్న రింగుతో అదే బోర్డును స్పష్టం చేసుకోవాలి. ఇక ఆ రింగును కదపక్కర్లేదు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేయాలి. సముద్రం నుంచి వచ్చాక అద్దాల్ని చొక్కా అంచుతో తుడిస్తే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు ఊదే బల్బుతో దుమ్ము పోగొట్టి తర్వాతే మెత్తటి గుడ్డ. మన తేమకు అద్దాల లోపల బూజు పడుతుంది, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

అపోహ: పెరట్లో కాకులు, గోరింకలే ఉంటాయి.

మందార, గోరింట, కరివేపాకు పొదల్లోంచి ‘టక్… టక్’ అని రెండు గులకరాళ్లు తట్టినట్టు వినిపిస్తుంటే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. పన్నెండు గ్రాముల మట్టిరంగు పిట్ట, మధ్య ఆసియా, తూర్పు యూరప్ వైపు నుంచి వస్తుంది. కనిపించడం అరుదు, వినిపించడం రోజూ. మామిడి చెట్టు లోపలి కొమ్మ మీద కూర్చుని, ఎగిరి ఈగను పట్టి మళ్లీ అక్కడే కూర్చునే పెద్ద కళ్ల బూడిదరంగు పిట్ట ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్. ఇవి రావాలంటే చేయాల్సింది పొదల్ని దసరా ముందు గుండు కొట్టించకపోవడం, ఆకుల మీద పురుగుమందు కొట్టకపోవడం.

గింజల కన్నా నీళ్లు మేలు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టండి. పొదకు ఆరడుగుల దూరంలో ఉంచాలి, లేకపోతే పిల్లికి మాటు దొరుకుతుంది. రోజూ పారబోసి కొత్తవి పోయండి, రెండ్రోజులకోసారి పీచుతో తోమండి. అలా చేస్తే దోమ పిల్లలు ఎదిగే సమయం దొరకదు. కారపు బూందీ, బ్రెడ్డు ముక్కలు వద్దు. గోదావరి జిల్లాల్లో చూరుకు కట్టే వరి కంకుల కుచ్చు మాత్రం పిచ్చుకలకు భేషైన తిండి.

అపోహ: కోకిల ఉగాదికి వచ్చి వెళ్లిపోతుంది.

ఎక్కడికీ పోదు, కూయడం తగ్గిస్తుంది. అక్టోబరులో రావిచెట్టు పళ్ల మధ్య వెతకండి. గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలున్నది ఆడది.

అపోహ: పాలపిట్టను పంజరంలో చూపించినా దసరా పుణ్యం దక్కుతుంది.

పట్టడం, బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రెక్కలు కట్టేసి ఊరేగించిన పిట్ట తర్వాత బతకడం కష్టం. ఆ నెలలో పొలాల వెంట కరెంటు తీగల మీద వెతికితే దొరుకుతుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగులా ఉంటుంది, ఎగిరినప్పుడే నీలం విప్పుకుంటుంది.

అపోహ: ఇంట్లోకొచ్చి పడ్డ పిట్టకు నోట్లో నీళ్లు పొయ్యాలి.

అక్టోబరులో ఇలా దొరికేవాటిలో పొన్నంకి పిట్ట (ఇండియన్ పిట్టా) ఒకటి. ఉత్తర, మధ్య భారతంలో పిల్లల్ని పెంచుకుని, రాత్రిపూట దక్షిణాదికి, శ్రీలంకకు వెళుతూ దీపాలకు తికమకపడి గోడకో అద్దానికో తగులుతుంది. నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో అడుగున గుడ్డ పరిచి, అందులో ఉంచి, మూసి, చప్పుడు లేని చోట గంట, రెండు గంటలు వదిలేయండి. మధ్యలో తెరిచి చూడొద్దు. తర్వాత దగ్గర్లోని చెట్ల కింద పెట్టె మూత తీసి పక్కకు జరగండి. రెక్క వేలాడుతున్నా, రక్తం కారుతున్నా అటవీశాఖకు కబురు చేయాలి. కిటికీ అద్దంలో చెట్లు ప్రతిబింబిస్తుంటే బయటివైపు బెత్తెడుకొకటి చొప్పున నిలువుగా తాళ్లు వేలాడదీస్తే ఇంకో పిట్ట తగలకుండా ఉంటుంది.